ఒక్కరు తప్ప

ఆత్రేయపురం దగ్గర,
ఆదివారం.

నాన్నకి,

ఉత్తరం చూసి అమ్మ కంగారు పడుతుంది. ముందు ఆవిడకి చెప్పు, నాకు ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగం కూడా పోలేదు. "ఫోనుండగా ఉత్తరమేంటి దీని మొహం" అంటుంది. అననీ. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోను చేసి, ఏం కూరని అడిగి, నీ మూడు 'ఊఁ'లూ విని పెట్టేస్తున్నాను. ఇవాళ చెప్పాల్సింది ఆ మూడు 'ఊఁ'ల మధ్య పట్టేది కాదు. పైగా నువ్వు వింటున్నావంటే నాకు నోరు పెగలదు. కాగితానికైతే నీ మొహం ఉండదు కదా.

మొన్న శుక్రవారం మా పంచాయతీలో గ్రామసభ జరిగింది. కార్యదర్శిని కాబట్టి తీర్మానాల పుస్తకం రాయాల్సింది నేనే. ఇక్కడ స్కూలు దగ్గర్నుంచి ఏటిగట్టు దాకా ఒక ఇరుకు రోడ్డుంది. దాని పక్కనే పాత మురుగు కాలవ. కాలవ పూడ్చి రోడ్డు వెడల్పు చేయాలని ఊరి కోరిక. తప్పుడు కోరికేమీ కాదు నాన్నా. పోయినేడాది నొప్పులొచ్చిన ఒక పిల్లని మంచం మీద మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్ళి అంబులెన్సు ఎక్కించారు. సభలో అందరూ చేతులెత్తారు. అప్పుడు వెనక నుంచి రామతులసి గారు లేచారు.

ఆవిడ పూతరేకులు చేస్తారు. తెల్లారింది మొదలు వసారాలో బోర్లించిన కుండ ముందు కూర్చుని, గుడ్డని పిండిలో ముంచి కుండ మీద వేయడం, రేకు తీయడం, ఇదే పని. ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా భోంచేసి వచ్చేస్తారు తప్ప కబుర్లకి కూర్చోరట. అలాంటి మనిషి లేచి, "కాలవ పూడిస్తే గోదారి పోటెత్తినప్పుడు నీళ్ళెటు పోతాయండి? ముప్పై ఏళ్ళ నుంచి కుండ ముందు కూర్చుని ఆ కాలవే చూస్తున్నానండి. నీళ్ళు వెళ్ళటం చూశాను, వెనక్కి తన్నటం చూశాను. నాకిష్టం లేదండి" అన్నారు. ఎవరో "ఇంజనీరమ్మ లేచిందండోయ్" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు, కూర్చున్నారంతే.

సర్పంచి వేంకటేశ్వర్లు గారు నా దగ్గరికొచ్చి, "ఏకగ్రీవంగా అని రాసెయ్యండి మేడమ్. ఆవిడొక్కర్తే కదండి! పుస్తకంలో తేడా కనిపిస్తే మండలంలో ఫైలు ఆపేస్తారండి" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నేనీ ఊరొచ్చినప్పుడు నాకు ఇల్లు వెతికి పెట్టింది ఆయనే. నిజంగా ఫైలు ఆగితే ఊరు ఆవిణ్ణీ నన్నూ కలిపి తిడుతుంది. రేప్పొద్దున ఇంకెవరినైనా మంచం మీద మోయాల్సొస్తే ఆ పాపం కూడా నాదే అవుతుంది. గురువారం సంతకాలు. తీర్మానమంతా రాశాను గానీ ఆ ఒక్క మాట దగ్గర చోటు వదిలేశాను. రెండు రోజులుగా ఆ ఖాళీ నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను.

ఎందుకు చేయి ఆడట్లేదో నీకు చెప్పాలి. ఇందులో సగం నీకు తెలిసిందే. అయినా మొదటినుంచీ రాస్తేగాని చివరిదాకా వెళ్ళే ధైర్యం రాదు.

పద్ధెనిమిదేళ్ళ కిందట మన పేటలో అలివి వల సంచికి దోమతెర గుడ్డ కుట్టాలని ఊరనుకుంది. సన్న చేప కూడా జారిపోకూడదని. అలివి వలంటే ఊరంతా తాడు పట్టి ఒడ్డుకి లాగాల్సిందే, తాడు మీద చేయి వేసిన ప్రతి ఇంటికీ వాటా. నువ్వు మాత్రం చేయి వెయ్యనన్నావు. "పిల్లల్ని కూడా ఊడ్చేస్తే రేపు పెద్దవి ఎక్కణ్ణుంచొస్తాయిరా" అన్నావు. తలుపు వెనక బొగ్గుతో గీసుకున్న గీతలు, ఏ నెలలో ఏ చేప ఎంత పొడుగొచ్చిందో, అవన్నీ చూపించావు. ఎవరూ చూడలేదు. నూకాలమ్మ గుడి ముందు ఊరు కూర్చుని నిన్ను వెలి వేసింది. నీతో ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడితే వాళ్ళకీ అదే శిక్ష. రెండేళ్ళు అమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని అందరికంటే వెనక ఒక్కర్తే బజారుకి నడిచింది.

ఆ తీర్మానం గుడి పెట్టెలో ఉండే ఊరి పుస్తకంలోకి ఎక్కింది. బడి మాస్టారు రాశారని నీకు చెప్పారు. మాస్టారు ఆ రోజు సెలవు నాన్నా. రాసింది నేను.

ఊరి పెద్ద సత్తియ్య మామ కబురంపాడు, పది పాసయిన పిల్లవి నువ్వేగా అని. చేయి నొప్పంటే సరిపోయేది. ఏడ్చినా వదిలేసేవారు. నేను వెళ్ళాను. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతొకటుంది, అది కూడా చెప్పేస్తాను: ఆడవాళ్ళని కూర్చోనివ్వని ఆ సభలోకి నన్ను పిలిచినందుకు ఒక్క నిమిషం నాకు గర్వంగా అనిపించింది. మామ చెప్పింది, "రాముణ్ణి వెలి వెయ్యాలని ఊరనుకుంది, అని రాయి" అని. అంతే చెప్పాడు. 'ఏకగ్రీవంగా' అన్న మాట ఆయన చెప్పలేదు. సాంఘిక శాస్త్రం పుస్తకంలో చదివాను, పెద్ద మాట, బావుంటుందని నేనే కలిపాను. తరవాత పైకి చదివి వినిపించాను. ఆ మాట దగ్గర గొంతు పెంచాను కూడా. అందరూ తలలూపారు. నువ్వక్కడ లేవు, పిలవలేదుగా.

నిన్ను నీ ఊళ్ళోంచి తోసేసిన కాగితంలో అన్నిటికంటే పెద్ద అబద్ధం నాది. ఇన్నేళ్ళూ నీ పక్కన కూర్చుని అన్నం తిన్నాను. ఇప్పుడు మళ్ళీ అదే మాట, అదే ఖాళీ. నువ్వు తిట్టినా సరే, ఏదో ఒకటి రాయి. ఇది మన వైపు వచ్చే మనిషి చేతికిచ్చి పంపుతున్నాను, నీ జవాబు గురువారంలోగా అందేలా చూడు.

నీ కూతురు,
ఉషారాణి

•

పేట,
మంగళవారం.

అమ్మాయ్ ఉషా,

నీ ఉత్తరం పైకి చదివాను, అమ్మ వింది. మధ్యలో రెండుసార్లు పొయ్యి దగ్గరికెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు. పోస్టులో వేస్తే నీకు శుక్రవారానికి గాని అందదని వ్యాను నడిపే యుగంధర్ చేతికిచ్చి పంపుతున్నాను. చేపల వ్యాను మీ వైపే వస్తుందట. కాగితానికి వాసనొస్తే ఏమీ అనుకోకు.

అది నీ చేతి రాతని నాకు పద్ధెనిమిదేళ్ళ కిందటే తెలుసు. వెలి వేసిన రెండో వారంలో సత్తియ్యే చెప్పాడు. సత్తియ్య నాతో ఎలా మాట్లాడాడంటావా, అదే ఇప్పుడు రాస్తున్నాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో కూర్చుంటే మీ అమ్మ మొహం చూడలేక, సరుగుడు తోట చివర లాగి పెట్టిన మన పడవ దగ్గరికెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒకనాటి మధ్యాహ్నం సత్తియ్య వచ్చాడు. నా వంక చూడలేదు. పడవ అంచు మీద చేయి వేసి, "ఏమే పడవా, రేపు తూరుపు గాలి గట్టిగా ఉంటదా, వల దింపొచ్చా?" అన్నాడు. మొదట వీడికి మతిపోయిందనుకున్నాను. తరవాత అర్థమైంది. నాతో మాట్లాడితే తప్పుగాని, పడవతో మాట్లాడితే తప్పని పుస్తకంలో లేదుగా. నేనూ పడవతోనే చెప్పాను, "చెప్పవే, రేపొద్దు, ఎల్లుండి దింపమను" అని. అతను పడవని తట్టి వెళ్ళిపోయాడు.

రెండు రోజులకి మరొకడు. తరవాత ఇంకొకడు. ముసలి పాపాయమ్మ కూడా వచ్చింది, కొడుకు రెండు రోజులుగా ఒడ్డుకి రాలేదు, నీరు ఎటు లాగుతోందని పడవని అడిగింది. అడుగుతూ ఏడ్చింది. ఎటు వెతకాలో పడవతో చెప్పాను. దొరికాడులే, బతికే ఉన్నాడు, ఇప్పుడు మనవలు కూడాను. ఎవరికి వాళ్ళు తామొక్కళ్ళమే వస్తున్నామనుకునేవాళ్ళు. వచ్చేముందు అటూ ఇటూ చూసుకునేవాళ్ళు. సభలో ఊరంతా ఒకటి. పడవ దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కడూ ఒక్కో మనిషి. నాకు నవ్వొచ్చేది. రెండేళ్ళూ నేను ఒంటరిగా ఉన్నానని నువ్వు బాధపడ్డావు చూడు, ఊళ్ళో అంత మంది సొంత మనసుతో మాట్లాడటం నేను ఆ రెండేళ్ళే విన్నాను.

ఇదంతా రాసి, ఎవరికీ తెలియని రహస్యమని మీ అమ్మకి చదివి వినిపిస్తే, "నాకు తెలుసు, పాపాయమ్మ అప్పుడే చెప్పింది" అంది. ఇంట్లో ఇన్నేళ్ళు రహస్యం దాచింది నేనొక్కణ్ణే అనుకున్నాను.

ఇంకోటి చెబుతాను, విను. నేను అన్నవన్నీ నిజం కాలేదు. రెండేళ్ళలో సముద్రం వట్టిపోతుందన్నాను. ఆ మరుసటేడే ఎన్నడూ చూడనంత చేప పడింది. నా గుమ్మం ముందు నించుని నవ్వారు. ఇప్పుడు తగ్గిందన్న మాట నిజమే, దానికి దోమతెర ఒక్కటే కారణమో కాదో నాకు తెలియదు. వాళ్ళు ఆ గుడ్డ మానేసింది కూడా నా మాట విని కాదు. నాచు పట్టి వల బరువెక్కి లాగలేక మానేశారు.

అందుకని నీకు చెప్పేదేంటంటే, నా మీద జాలితో ఏమీ రాయకు. ఆ రామతులసమ్మ చెప్పింది రైటని కూడా రాయకు, ఆవిడ తప్పే కావచ్చు. ఆవిడ లేచి నించుని ఒక మాట అంది. అన్నది గనక రాయి. రేపు ఆవిడ తప్పని తేలితే, ఆ తప్పు ఆవిడ పేరు మీదే ఉంటుంది. నాకు ఆ రోజు కావలసింది కూడా అదే. నా మాట నెగ్గాలని కాదే అమ్మా. రాముడనేవాడు కాదన్నాడని ఒక్క ముక్క ఉంటే, తప్పో ఒప్పో నేనూ ఆ ఊరివాణ్ణే అయ్యేవాణ్ణి. పుస్తకంలో నేను వెలి పడ్డవాణ్ణి మాత్రమే. కాదన్నవాణ్ణి ఎక్కడా లేను.

నీ మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధం. ఒక ఏడాది ఉంది. నువ్వు ఇంటరుకి కాకినాడ బస్సెక్కుతూ వెనక్కి తిరిగి చూసిన రోజు పోయింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది, నీకు పదిహేడేళ్ళ బరువు తప్పేది. ఆ తప్పు నాది.

నాన్న,
రాముడు

•

ఆత్రేయపురం దగ్గర,
గురువారం సాయంత్రం.

నాన్నా,

ఉత్తరం నిన్న మధ్యాహ్నమే అందింది. వాసన నిజమే. ఆఫీసులో అందరూ ఎవరింట్లో చేపల పులుసని అడిగారు. నేను తలుపు వేసుకుని చదువుకుని, ఏడ్చి, మొహం కడుక్కుని, ఆ ఖాళీ నింపాను.

"శ్రీమతి రామతులసి గారు ఒక్కరు తప్ప సభకు హాజరైన వారందరూ ఆమోదించారు. కాలవ పూడ్చినచో వరద సమయంలో నీరు ఊరిలోకి వెనక్కి తన్నునని ఆమె అభ్యంతరం తెలిపారు" అని రాశాను.

ఇవాళ పొద్దున సంతకాలకి అందరూ వచ్చారు. రామతులసి గారు కూడా వచ్చారు, గుమ్మం దగ్గరే నించున్నారు. చీర కుచ్చెళ్ళ మీద పిండి మరకలు. ఇక్కడ సంతకాలకి ముందు చదివి వినిపించే అలవాటు లేదు, పేజీ తిప్పి పెట్టేయడమే. నేను చదువుతానన్నాను. 'ఒక్కరు తప్ప' దగ్గర గొంతు పెంచలేదు. పదహారేళ్ళప్పుడు పెంచాను, అది గుర్తొచ్చింది.

సర్పంచి గారి మొహం ఎర్రబడింది. "అదేంటి మేడమ్, నేను చెప్పిందేంటి, మీరు రాసిందేంటండి?" అన్నారు. "జరిగింది రాశానండి" అన్నాను. నా ఉద్యోగం గురించి, ఇంటి గురించి, ఆ కాసేపట్లో చాలా ఆలోచించేశాను. అప్పుడు మణిశంకర్ గారని, రిటైరైన పోస్టుమాస్టరు, గొంతు సవరించుకుని, "ఆవిడ పేరు పక్కన నాది కూడా వేయండమ్మా" అన్నారు. "మొన్న నేనొక్కణ్ణే ఏమో అనుకుని చెయ్యెత్తేశానండి. ఆవిడ లేచేసరికి నా చెయ్యి పైనే ఉంది, దింపడానికి మొహం చెల్లలేదు." తరవాత ఉమాశ్రీ అని అంగన్‌వాడీ అమ్మాయి, ఆ వెనక ఇంకో రైతు. మొత్తం నలుగురయ్యారు.

"శుక్రవారం నోట్లో ఏం పెట్టుకున్నారండీ అందరూ?" అని సర్పంచి గారు అరిచారు. అరిచి, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "సరే, పూడ్చే ముందు ఇంజనీరు చూసి, రోడ్డు కింద తూములు వేస్తే సరిపోతుందేమో చెప్పాలని కూడా రాయండి" అన్నారు. తీర్మానం నెగ్గింది నాన్నా. రోడ్డు వెడల్పు అవుతుంది. కాలవ ఏమవుతుందో ఇంజనీరు చెప్పాలి. ఫైలు ఆగుతుందో లేదో కూడా తెలియదు. సర్పంచి గారు రోజూ వెళ్ళేటప్పుడు "టీ తాగుదాం రండి మేడమ్" అంటారు, ఇవాళ అనలేదు. కొన్నాళ్ళు అనరేమో. ఫర్వాలేదు, టీ నేనూ పెట్టుకోగలను.

సాయంత్రం రామతులసి గారు ఒక పొట్లం తెచ్చారు. ఇవాళ్టి రేకులు, బెల్లం వేసినవి. నేను మొహమాటపడి, "మీ మాట నెగ్గలేదు కదండి" అన్నాను. "నెగ్గకపోయినా పర్లేదమ్మా, ఉంది కదా" అని వెళ్ళిపోయారు. ఆవిడకి నీ సంగతి నేను చెప్పలేదు. నీ ఉత్తరం ఆవిడ చూడలేదు. అయినా అదే మాట.

యుగంధర్ వ్యాను మళ్ళీ వచ్చింది, ఇది అతని చేతికే ఇస్తున్నాను. ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం ఇంటికొస్తున్నాను. సత్తియ్య మామని అడిగి గుడి పెట్టె తీయిస్తాను. ఆయన ఒప్పుకోకపోతే గుమ్మంలో కూర్చుంటాను.

నీ
ఉషారాణి

•

పేట,
ఆదివారం.

ఉషా తల్లికి,

నువ్వు వచ్చే ఆదివారందాకా ఆగక్కర్లేదు. పెట్టె తీసేశారు.

నిన్న నీ రెండో ఉత్తరం చదివి వినిపించగానే మీ అమ్మ చెంగు దులుపుకుని బయటికెళ్ళింది. ఎక్కడికని అడిగితే ఉప్పుకన్నది. ఉప్పు ఇంట్లో ఉంది. సాయంత్రానికి పేటంతా నీ గ్రామసభ కథే. నువ్వు సర్పంచి గారికి వేలు చూపించి మాట్లాడావని కూడా కలిపారు, అది నేను సరిదిద్దలేదు.

ఇవాళ మధ్యాహ్నం నేను పడవ దగ్గరున్నాను. అది ఇప్పుడు సముద్రంలోకి వెళ్ళేది కాదు, చెక్క పుచ్చిపోయింది, బోర్లా పడుకుని ఉంటుంది. ఊరికే నీడకి కూర్చుంటాను. సత్తియ్య కర్ర పొడుచుకుంటూ ఇసకలో వచ్చాడు. ఎనభై దగ్గర పడ్డాయి, అక్కడిదాకా నడవడం అతనికి మాటలు కాదు. వెలి తీసేసి పదహారేళ్ళయింది, మేమిద్దరం రోజూ టీ కొట్టు దగ్గర ఎదురెదురుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం. అలాంటివాడు నా వంక చూడకుండా, పడవ మీద చేయి వేసి మొదలుపెట్టాడు.

"ఏమే పడవా, మీవాడితో చెప్పు. ఆ పిల్ల ఆ పెద్ద మాట చదివినప్పుడు నాకు గుండెల్లో గుచ్చుకుందని చెప్పు. నేను చెప్పలేదే ఆ మాట అనుకున్నాను. చుట్టూ చూస్తే అందరూ తలలూపుతున్నారు. అయితే నాకు తప్ప అందరికీ ఇష్టమే కాబోసు అనుకుని నేనూ ఊపేశాను. పెద్దవాణ్ణి కదా, నేను ఊపడం చూసి ఇంకెంతమంది ఊపారో. చెప్పవే."

ఈసారి నేను పడవతో చెప్పలేదు. అతని చేయి పట్టుకుని, "పడవకి చెవుడొచ్చింది సత్తియ్యా, ఇటు తిరిగి కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఇద్దరం ముసలాళ్ళం, ఏం చేశామో నీకు రాయను.

లేచాక ఇద్దరం గుడికెళ్ళి పెట్టె తీయించాం. పుస్తకంలో ఆ పేజీ చెదలు తినలేదు. నీ అక్షరాలు అప్పుడే ముత్యాల్లా ఉన్నాయి. కింద ఇంకా జాగా ఉంది. సత్తియ్య, ఆ రోజు ఇష్టం లేనివాళ్ళు వచ్చి చెప్పండి, పేరు రాయిద్దాం అని ఊళ్ళో చెప్పించాడు. చీకటి పడేలోగా పాపాయమ్మ కొడుకు వచ్చాడు, చనిపోయిన వాళ్ళమ్మ పేరు రాయమన్నాడు. అతని వెనక ఇంకా వస్తూనే ఉన్నారు. నీ చేత్తోనే రాయాలని సత్తియ్య పట్టు. మొదట నా పేరు రాయాలట. ఆ తరవాత అతనిది.

వచ్చేటప్పుడు నిండా సిరా ఉన్న పెన్ను తెచ్చుకో. జాగా చాలదేమో, రెండు తెల్ల కాగితాలు కూడా.

నీ నాన్న,
రాముడు